ఇండస్ట్రియల్ నెట్‌వర్కింగ్ ఆన్‌లైన్లో నేర్పడం ఎలా: డిప్లొమా, బీటెక్ పిల్లలకి పాఠం చెప్పేవాళ్ల కోసం

ఈ మధ్య మన వైజాగ్ చుట్టుపక్కల కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు తరచూ ఒకటే అడుగుతున్నారు. మేడం, ఇండస్ట్రియల్ నెట్‌వర్కింగ్ ఆన్‌లైన్లో చెప్పమన్నారు, పీఎల్‌సీ (ఫ్యాక్టరీలో మెషిన్లని నడిపే చిన్న కంప్యూటర్) లేదు, ప్యానెల్ లేదు, పిల్లల ఇంట్లో ఒక్క ల్యాన్ కేబుల్ కూడా ఉండదు, ఏం చూపించాలి అని. అందుకే నేను చేసే పద్ధతి వరసగా రాసేస్తున్నా.

నేను మొదట్లో చేసిన పొరపాటు ముందే చెప్పేస్తా. మూడు వారాలు నెట్‌వర్క్ పుస్తకాల్లో ఉండే ఏడు లేయర్లూ స్లైడ్లలో చెప్పాను, అందరూ కెమెరాలు ఆపుకుని విన్నారు, పరీక్షలో బాగానే రాశారు కూడా. తర్వాత ఒక అబ్బాయిని నీ ల్యాప్‌టాప్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) ఎంతో చూసి చెప్పు నాన్నా అంటే చెప్పలేకపోయాడు. తప్పు వాడిది కాదు, నేనెప్పుడూ వాడి చేత చూపించలేదు.

రేపు ఈ పిల్లలు స్టీల్ ప్లాంట్‌కో, రిఫైనరీకో, పరవాడ ఫార్మా సిటీకో, అచ్యుతాపురంలో ఏదో యూనిట్‌కో వెళ్తే అక్కడ సూపర్‌వైజర్ లేయర్ల పేర్లు అడగడు. రీడింగ్ రావట్లేదు, ఎక్కడ ఆగిందో చూడు అంటాడు. కాబట్టి కోర్సు మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ కట్టండి. ప్రతి క్లాసులో పిల్లాడు ఒక తప్పు తన చేత్తో పెట్టాలి, ఒక తప్పు తన కళ్లతో పట్టుకోవాలి.

1. ముందు ఎవరి దగ్గర ఏముందో కనుక్కోండి

క్లాసు మొదలయ్యే వారం ముందే ఒక చిన్న ఫారం పంపండి. ల్యాప్‌టాప్ ఉందా, ర్యామ్ ఎంత, ఇంట్లో వైఫై ఉందా లేక ఫోన్ హాట్‌స్పాటా, సాయంత్రం కరెంటు ఉంటుందా. మన క్లాసుల్లో ఎంవీపీ కాలనీలో ఫైబర్ నెట్ ఉన్న పిల్లా ఉంటుంది, పాడేరు దగ్గర సిగ్నల్ కోసం మేడ ఎక్కే పిల్లాడూ ఉంటాడు, ఇద్దరికీ ఒకే ప్లాన్ వేస్తే రెండోవాడు రెండో వారానికే వదిలేస్తాడు.

ల్యాప్‌టాప్ లేనివాళ్లని ఉన్నవాళ్లతో కలిపి ముగ్గురేసి గ్రూపులు చెయ్యండి. కానీ ల్యాప్‌టాప్ ఉన్నవాడే అన్నీ చేసేసి మిగతా ఇద్దరూ చూస్తూ కూర్చోకుండా, ఏం నొక్కాలో ఫోన్‌లో ఉన్నవాడు చెప్పాలి, ల్యాప్‌టాప్ వాడు అదే నొక్కాలి అని రూల్ పెట్టండి. ఫీల్డ్‌లో కూడా ఫోన్‌లో ఒకరు చెప్తుంటే ప్యానెల్ దగ్గర ఇంకొకరు చేస్తారు, ఆ అలవాటు ఇక్కడే అవుతుంది.

2. ఇన్‌స్టాలేషన్‌కి ఒక రోజు విడిగా ఇచ్చేయండి

పాఠం రోజున ఇన్‌స్టాల్ చేయించొద్దు, గంట అందులోనే పోతుంది. ముందు రోజు సాయంత్రం రెండు గంటలు పెట్టుకుని, పాఠం ఏమీ చెప్పకుండా, ఇదొక్కటే పూర్తి చేయించండి:

- వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లని, అంటే డేటా ముక్కల్ని, పట్టి చూపించేది), దాంతో పాటు వచ్చే ఎన్‌పీక్యాప్ (ఇది వద్దని టిక్ తీసేస్తే ప్యాకెట్లు పట్టదు)
- మోడ్‌బస్ (ఫ్యాక్టరీ పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) స్లేవ్‌గా, అంటే అడిగితే జవాబిచ్చే పరికరంగా, నటించే సిమ్యులేటర్ ఒకటి, మోడ్‌బస్‌పాల్ లాంటిది
- ప్రశ్న అడిగే మోడ్‌బస్ మాస్టర్ ఒకటి, క్యూమాడ్‌మాస్టర్ లాంటిది
- సిస్కో ప్యాకెట్ ట్రేసర్ (స్క్రీన్ మీదే నెట్‌వర్క్ కట్టి చూసేది)
- ర్యామ్ 8 జీబీ పైన ఉన్నవాళ్లకి మాత్రమే వర్చువల్‌బాక్స్ (ల్యాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపేది)

ఇన్‌స్టాలర్లన్నీ ఒక డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టి లింక్ ఇవ్వండి, ప్రతి ఒక్కరూ వెతుక్కుంటే ఏదో యాడ్ నొక్కి వైరస్ తెచ్చుకుంటారు. ప్యాకెట్ ట్రేసర్‌కి సిస్కో వాళ్ల అకౌంట్ కావాలి కాబట్టి అది ఎవరికి వాళ్లే చేసుకోవాలి, ముందే చెప్పండి.

3. అడ్రస్‌లు రోల్ నంబర్‌తో కట్టేయండి

ఇది చిన్న పనే గానీ కాపీలు ఆగిపోతాయి. వర్చువల్‌బాక్స్ హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్ (ల్యాప్‌టాప్‌కీ, దాని లోపలి మెషిన్‌కీ మధ్యే ఉండేది) మామూలుగా 192.168.56.1 తో మొదలవుతుంది, కాబట్టి రోల్ నంబర్‌కి 10 కలిపి చివరి అంకె చెయ్యండి. రోల్ నంబర్ 23 అయితే వాడి మెషిన్ 192.168.56.33, స్లేవ్ ఐడీ 23. పక్కవాడి స్క్రీన్‌షాట్ పంపితే ప్యాకెట్‌లోనే దొరికిపోతాడు, మీరు ఒక్క మాట కూడా అనక్కర్లేదు.

రెండు చిక్కులు ఎప్పుడూ వస్తాయి. ఒకటి, వర్చువల్‌బాక్స్‌ని నాట్ మోడ్‌లో (లోపలి మెషిన్ ల్యాప్‌టాప్ నెట్‌నే వాడుకునే పద్ధతి) వదిలేస్తే ప్రతి ఒక్కరికీ 10.0.2.15 అనే వస్తుంది, పిల్లలు మేడం మా అందరిదీ ఒకటే ఐపీ అని కంగారు పడతారు, హోస్ట్-ఓన్లీకి మార్చించండి. రెండు, ల్యాబ్‌కి 192.168.1 లేదా 192.168.0 సిరీస్ ఇవ్వొద్దు, చాలా ఇళ్లల్లో రౌటర్ అదే సిరీస్‌లో ఉంటుంది, క్లాసు మధ్యలో నెట్ పోతుంది, ఎందుకు పోయిందో మీకూ తెలీదు వాళ్లకీ తెలీదు.

4. వరస కింద నుంచి పైకి

నేను వెళ్లే వరస ఇది: వైరు, లింక్ లైటు, ఐపీ, పోర్టు, మోడ్‌బస్ ప్రశ్న, మోడ్‌బస్ జవాబు, ఆ జవాబులో అంకెకి అర్థం. తప్పు వెతికేటప్పుడు కూడా ఇదే వరస. ఒక మెట్టు ఖాయం అయ్యేదాకా పై మెట్టు ఎక్కనివ్వకండి.

వైరు ఇంట్లో లేకపోయినా వైరు పాఠం వదలకూడదు. నేను ఆర్ఎస్-485 కి (రెండు వైర్ల మీద చాలా పరికరాలు కలిపే పద్ధతి) మూడు విషయాలు మాత్రం గట్టిగా పట్టుకుంటా: పరికరాలు ఒకదాని వెనక ఒకటి దండలా కలపాలి, చెట్టు కొమ్మల్లా కాదు, రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టెన్స్, ఏ, బీ వైర్లు తారుమారైతే జవాబు రాదు, కంపెనీ కంపెనీకి ఆ ఏ, బీ పేర్లే తిరగబడి ఉంటాయి కాబట్టి ఒకసారి మార్చి చూడటం తప్పేమీ కాదు. పవర్ ఆపి ఏ, బీ మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్స్ చూపించాలి, 120 చూపిస్తే ఒక చివర రెసిస్టెన్స్ లేదన్నమాట. ఇది కెమెరా ముందు మీరే చేసి చూపించండి, రెండు రెసిస్టర్లూ, మూర వైరూ చాలు.

ఈథర్‌నెట్ కాపర్ కేబుల్ 100 మీటర్లు దాటకూడదు, మోటర్ డ్రైవ్‌ల పవర్ కేబుల్ పక్కనే పడుకోబెట్టకూడదు, ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి ఫైబర్ వెయ్యాలి. మన ఊళ్లో ఇంకోటి కలపాలి, సముద్రపు ఉప్పు గాలికి కనెక్టర్ పిన్నులు చిలుము పడతాయి. ఫిషింగ్ హార్బర్ వైపు ఇల్లున్న పిల్లల్ని వాళ్ల ఇంటి డిష్ కనెక్టరో, రౌటర్ సాకెట్టో ఫోటో తీసి పెట్టమనండి, క్లాసు మొత్తానికి అదొక పాఠం.

5. మొదటి ప్యాకెట్: పన్నెండు బైట్ల మీద ఒక గంట

ఇక్కడ తొందరపడకండి. కోర్సు మొత్తంలో నేను ఎక్కువ సేపు ఆగేది ఇక్కడే.

ఉదాహరణకి అపార్ట్‌మెంట్ నీళ్ల మోటర్ తీసుకోండి, అది తెలియని పిల్లాడు ఉండడు. సిమ్యులేటర్‌లో రెండు హోల్డింగ్ రిజిస్టర్లు (పరికరం విలువలు దాచే గళ్లు) పెట్టించండి. మొదటిది మేడ మీద ట్యాంకు, విలువ 275. రెండోది కింద సంపు, విలువ 600. పదితో భాగిస్తే 27.5 శాతం, 60.0 శాతం. మొదటి రోజు అందరూ స్లేవ్ ఐడీ 1 పెట్టుకోవాలి, అప్పుడు మీ స్క్రీన్ మీద ఉన్నదే వాళ్ల స్క్రీన్ మీదా కనిపిస్తుంది, రోల్ నంబర్లు రెండో రోజు నుంచి.

మాస్టర్ నుంచి చదవమని వైర్‌షార్క్‌లో చూస్తే ప్రశ్న ఇలా, హెక్స్‌లో (పదహారు లెక్కన రాసే అంకెల్లో), వెళ్తుంది:

00 01 00 00 00 06 01 03 00 00 00 02

పిల్లల చేత కాగితం మీద రాయించి గీతలు గీయించండి. మొదటి రెండు బైట్లు ప్రశ్న నంబరు. తర్వాతి రెండు ఎప్పుడూ సున్నాలే. 00 06 అంటే ఇంకా ఆరు బైట్లు వస్తున్నాయని. 01 స్లేవ్ ఐడీ. 03 అంటే హోల్డింగ్ రిజిస్టర్లు చదువు. 00 00 ఎక్కడ నుంచి, 00 02 ఎన్ని. జవాబు ఇది:

00 01 00 00 00 07 01 03 04 01 13 __ __

చివరి రెండూ 02 58 అని పిల్లలే చెప్పాలి. నేను కావాలనే ఆ చివరి రెండు బైట్లూ చెరిపేసి స్క్రీన్ షేర్ చేస్తా. 04 అంటే నాలుగు బైట్ల డేటా వస్తోంది, 01 13 అంటే 256 కి 19 కలిపితే 275, అది ట్యాంకు. మరి సంపు 600 కదా, అది రెండు బైట్లలో ఎలా ఉంటుందో మీరే లెక్క కట్టండి అంటా. 600 లో రెండు 256 లు పోతే 88 మిగులుతుంది, 88 ని పదహారుతో భాగిస్తే 5, మిగిలింది 8. చాట్‌లో ఒకరి తర్వాత ఒకరు 02 58 అని పెడుతుంటే ఎవరికి అర్థమైందో వెంటనే తెలిసిపోతుంది.

ఇక్కడ పదిమందిలో ఏడెనిమిది మందికి వచ్చే ఇబ్బంది, వైర్‌షార్క్‌లో ఏమీ కనపడట్లేదు మేడం అని. మాస్టరూ స్లేవూ ఒకే ల్యాప్‌టాప్‌లో నడుస్తుంటే ఆ ప్యాకెట్ వైఫై దాకా రాదు, లోపలే తిరిగేస్తుంది. వైఫై బదులు లూప్‌బ్యాక్ అడాప్టర్ ఎంచుకోమనండి. ఇంకో ఇబ్బంది, లినక్స్‌లో మోడ్‌బస్ మామూలుగా వాడే 502 పోర్టు తెరవాలంటే అడ్మిన్ హక్కులు కావాలి, అందుకని 1502 పెట్టుకుంటారు, అప్పుడు వైర్‌షార్క్ అది మోడ్‌బస్ అని గుర్తుపట్టదు, డీకోడ్ యాజ్‌లోకి వెళ్లి మోడ్‌బస్ అని మనమే చెప్పాలి.

6. రిజిస్టర్ నంబర్లు, దశాంశాలు

మాన్యువల్‌లో 40001 అని ఉంటుంది, ప్యాకెట్‌లో 00 00 వెళ్తుంది. 40001 లో ముందున్న 4 హోల్డింగ్ రిజిస్టర్ అని చెప్పే గుర్తు మాత్రమే, లెక్క 1 నుంచి మొదలవుతుంది. ప్యాకెట్‌లో లెక్క సున్నా నుంచి. ఈ ఒక్క అంకె తేడాకి పక్క రిజిస్టర్ చదివేసి, ట్యాంకు బదులు సంపు చూపించి, మోటర్ ఎందుకు ఆగట్లేదో అని తల పట్టుకునేవాళ్లు ఉద్యోగాల్లో కూడా ఉంటారు.

ఒక ఆదివారం క్లాసులో చోడవరం అబ్బాయి ఒకడు, మేడం మోటర్ ఫ్లో 16844 వస్తందేటి, పక్క రిజిస్టర్‌లో సున్నా ఉంది అన్నాడు. నేను జవాబు చెప్పకుండా రెండింటినీ కలిపి ఫ్లోట్‌గా (దశాంశం ఉన్న అంకెగా) చూడు అన్నా. చూశాడు, 0.00 వచ్చింది. ఇప్పుడు రెండింటి వరస మార్చు అన్నా. మార్చాడు, 25.5 వచ్చింది. మైక్ ఆన్‌లో ఉందని మర్చిపోయి వాళ్లమ్మని పిలిచి చూపించాడు, క్లాసంతా విన్నాం, నాకు ఆ రోజంతా సంతోషంగానే ఉంది.

ఒక రిజిస్టర్ 16 బిట్లే, దశాంశం ఉన్న అంకెకి రెండు రిజిస్టర్లు కావాలి, ఏది ముందు ఏది వెనక అన్నది పరికరం తయారుచేసినవాడి ఇష్టం. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, కానీ ఆ 16844 ముందు చూస్తేనే గుర్తుంటుంది.

7. తప్పులు మీరే పెట్టి ఇవ్వండి

ఇప్పటిదాకా అంతా పనిచేస్తోంది కదా, ఇప్పుడు చెడగొట్టాలి. నేను పిల్లల చేత ఒక్కోటి చేయించి, వైర్‌షార్క్‌లో ఏం మారిందో ఒక్క వాక్యంలో రాయిస్తా:

- సిమ్యులేటర్ ఆపేసి చదవడం: వెంటనే రీసెట్ వస్తుంది. మెషిన్ ఉంది, పోర్టు దగ్గర వినేవాళ్లు లేరు.
- లేని ఐపీ అడగడం: ఏ జవాబూ ఉండదు, కాసేపటికి టైమౌట్. అదే నెట్‌వర్క్‌లోది అయితే ఏఆర్‌పీ ప్రశ్నలు (ఈ ఐపీ ఎవరిది అని అడిగేవి) మాత్రం మళ్లీ మళ్లీ వెళ్తుంటాయి.
- లేని రిజిస్టర్ అడగడం: జవాబు వస్తుంది, కానీ 03 ఉండాల్సిన చోట 83, తర్వాత 02. పరికరం బతికే ఉంది, మనం అడిగిన అడ్రస్ తప్పు.
- ఫైర్‌వాల్‌లో పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్) ఆపడం: పింగ్ రాదు, రీడింగ్ మాత్రం వస్తూనే ఉంటుంది.

చివరిది తప్పకుండా చేయించండి. విండోస్ చాలాసార్లు పింగ్‌కి జవాబివ్వదు. పింగ్ రాలేదు కాబట్టి కేబుల్ పోయిందని తేల్చేసే అలవాటు మొదటి ఏడాదిలోనే పోవాలి. రెండోవైపు కూడా అంతే, పింగ్ వస్తే అన్నీ బాగున్నట్టు కాదు.

ఇవన్నీ అయ్యాక మీరు వైర్‌షార్క్‌లో ముందే ప్యాకెట్లు పట్టి పెట్టుకున్న క్యాప్చర్ ఫైళ్లు ఐదు పంపండి. కిలోబైట్లలోనే ఉంటాయి, పాడేరు పిల్లాడికి కూడా వాట్సాప్‌లో దిగిపోతాయి. వీడియో పాఠం చూడలేనివాడు కూడా ఈ ఫైళ్లతో వెనకబడకుండా ఉంటాడు. ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లకి అవే బైట్లు టైపు చేసి మెసేజ్‌గా పెట్టండి.

8. స్విచ్, లూప్, నారింజ లైటు

ప్యాకెట్ ట్రేసర్‌లో మూడు స్విచ్‌లు గుండ్రంగా కలిపించండి. కొన్ని లింకుల మీద నారింజ చుక్క కనపడుతుంది, పిల్లలు చెడిపోయిందనుకుని తీసేసి మళ్లీ పెడతారు. ఆగమనండి, స్పానింగ్ ట్రీ (స్విచ్‌లు లూప్ పడకుండా చూసుకునే పద్ధతి) ఆలోచిస్తోంది, 30 సెకన్లు పడుతుంది, ఒకటి మాత్రం నారింజలోనే ఉండిపోతుంది, అదే లూప్‌ని ఆపుతోంది.

తర్వాత స్పానింగ్ ట్రీ ఆపించి, సిమ్యులేషన్ మోడ్‌లో ఒక్క పింగ్ కొట్టించండి. ఏఆర్‌పీ ప్యాకెట్ ఆ మూడింటి మధ్య తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు అడగండి, ఆఫీసులో 30 సెకన్లు నెట్ ఆగితే ఏమవుతుంది, ఫర్నేస్ దగ్గర పీఎల్‌సీకి 30 సెకన్లు ఐఓ (సెన్సర్ల నుంచి వచ్చే, మెషిన్లకి వెళ్లే సిగ్నళ్లు) అందకపోతే ఏమవుతుంది. ఫ్యాక్టరీ రింగుల్లో ఎంఆర్‌పీ (రింగులో లింక్ తెగితే దారి మార్చే పద్ధతి) లాంటివి 200 మిల్లీ సెకన్లలో ఎందుకు కోలుకోవాలో వాళ్లే చెప్తారు. ఫ్యాక్టరీల్లో వాడే ప్రొఫినెట్, ఈథర్‌నెట్/ఐపీ, ఈథర్‌క్యాట్ నెట్‌వర్క్‌ల గురించి ఇక్కడ పరిచయం చేస్తే సరిపోతుంది. ప్రొఫినెట్‌లో పరికరానికి ఐపీ ఒక్కటే చాలదు, పేరు కూడా సరిగ్గా ఉండాలి అన్నది మాత్రం నొక్కి చెప్పండి, కొత్త పరికరం బిగించి పేరు పెట్టడం మర్చిపోవడం చాలా మామూలు.

9. కాలేజీలో ఒక్క ర్యాక్ ఉన్నా దూరం నుంచి వాడించొచ్చు

ఒక పీఎల్‌సీ, ఒక మేనేజ్డ్ స్విచ్, ఒక ఎనర్జీ మీటరు, ఒక పీసీ, పైన ఒక వెబ్‌క్యామ్, ఇవి చాలు. పిల్లలు వీపీఎన్‌లో (బయట నుంచి భద్రంగా కలిసే దారి) ఆ పీసీకి వచ్చి అక్కడి నుంచే మిగతావి చూడాలి.

దయచేసి 502 పోర్టుని రౌటర్‌లో బయటకి తెరవొద్దు. మోడ్‌బస్‌కి పాస్‌వర్డ్ అనేదే లేదు, అందినవాడు ఎవడైనా రాసేస్తాడు. ఈ సంగతి పిల్లలకి మాటల్లో చెప్పక్కర్లేదు, సొంత సిమ్యులేటర్‌లో ఫంక్షన్ 06 తో (ఒక రిజిస్టర్‌లో రాయి అనే ఆదేశం) రిజిస్టర్ మార్పించండి, ఎవరూ ఏమీ అడగరు, జరిగిపోతుంది, వాళ్లే భయపడతారు. ఆ భయం ఉన్నప్పుడే వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో నెట్‌వర్క్‌ని విడగొట్టడం), ఫైర్‌వాల్, ఐఈసీ 62443 (ఫ్యాక్టరీ నెట్‌వర్క్ భద్రతకి ప్రమాణాలు) గురించి చెప్పండి, వింటారు. తమది కాని నెట్‌వర్క్ మీద ఇవేవీ ప్రయత్నించకూడదని మొదటి రోజే రాసి సంతకం చేయించుకోండి.

ర్యాక్ తెరిచే ముందు చూసుకోవాల్సినవి:

- అవుట్‌పుట్‌లకి లాంపులు మాత్రమే, మోటర్లు వద్దు
- ఎమర్జెన్సీ స్టాప్ పనిచేస్తోందా, స్లాట్ నడిచినంతసేపూ గదిలో మనిషి ఉన్నారా
- పీఎల్‌సీ ప్రోగ్రామ్ బ్యాకప్ ఉందా, ప్రతి స్లాట్ తర్వాత మళ్లీ లోడ్ చేస్తున్నామా
- యూపీఎస్ ఛార్జ్ అయిందా
- గ్రూపుకి 30 నిమిషాలు, మధ్యలో 10 నిమిషాలు ఖాళీ

అక్టోబర్, నవంబర్‌లలో తుఫాను హెచ్చరిక వస్తే ర్యాక్ స్లాట్లు రద్దు చేసేసి ఆ వారం క్యాప్చర్ ఫైళ్ల పని ఇవ్వండి. ముందే ఒక వారం ఫైళ్లు సిద్ధంగా పెట్టుకుంటే మీకు కంగారుండదు.

10. గంట ఎలా గడపాలి, మార్కులు ఎలా వెయ్యాలి

గంటలో నేను మాట్లాడేది 15 నిమిషాలే. తర్వాత 35 నిమిషాలు వాళ్లు చేస్తారు, చివరి 10 నిమిషాలు ఎవరో ఒకరు స్క్రీన్ షేర్ చేసి చూపిస్తారు. మౌనంగా ఉండేవాళ్లని అర్థమైందా అని అడగొద్దు, అందరూ అర్థమైంది మేడం అనే అంటారు. నీ స్క్రీన్‌లో ఎనిమిదో బైటు ఎంత అమ్మా అని అడగండి, జవాబు అంకెలో రావాలి.

రికార్డింగ్ ఇస్తే చాలనుకోవద్దు, రికార్డింగ్ చూసినవాడు క్యాప్చర్ ఫైల్ పంపితేనే హాజరు వెయ్యండి.

మార్కులకి రాత పరీక్ష కంటే పది నిమిషాల వైవా మేలు. వాడి రోల్ నంబర్‌తో ఒక తప్పు ఫైల్ పంపి, తెరిచి గట్టిగా ఆలోచించమంటా. నేను చూసేవి ఇవి: కింద నుంచి పైకి వెళ్లాడా, ఊహించాడా చూశాడా, ఒకసారికి ఒకటే మార్చాడా, చివర్లో ఏం చేశాడో రాసిపెట్టాడా. కారణం దొరక్కపోయినా ఈ నాలుగూ ఉంటే సగానికి పైగా మార్కులు ఇచ్చేస్తా. కారణం చెప్పేసి ఎలా తెలిసిందో చెప్పలేనివాడికి ఇంకో ఫైల్ పంపి, మర్నాడు మళ్లీ పిలుస్తా.